సిమ్యులేషన్ బేస్‌బాల్ లీగులో మేనేజర్ సీజన్‌ను సమీక్షించడం ఎలా: మొదటి ఫైలు నుంచి చివరి మార్కు దాకా

కంప్యూటర్ ఆటలోనో, కార్డులు, పాచికలతోనో ఊహా బేస్‌బాల్ జట్లను నడుపుకునేదే సిమ్యులేషన్ లీగు. సీజన్ ముగిసి పాయింట్ల పట్టిక బయటికి రాగానే అక్కడ ఒకటే చర్చ మొదలవుతుంది: ఫలానా మేనేజర్ జట్టును బాగా నడిపాడా, పాడుచేశాడా? కర్నూలు, అనంతపురం, కడప కుర్రాళ్లు పదిమంది కలిసి నడుపుకునే లీగైనా, దేశదేశాల వాళ్లు కలిసిన పెద్ద లీగైనా ఈ ప్రశ్న తప్పదు. గెలుపుల సంఖ్య ఒక్కటే చూసి జవాబు చెబితే మాత్రం సగంసార్లు తప్పుతుంది.

ఆ గెలుపుల్లో మూడు కలగలిసి ఉంటాయి: మేనేజర్ చేతికొచ్చిన ఆటగాళ్లు, పాచికలు పడిన తీరు (అంటే అదృష్టం), అతను తీసుకున్న నిర్ణయాలు. కళ్లంలో గింజను, పొట్టును తూర్పారబట్టినట్టు వీటిని వేరుచేయడమే సమీక్ష. గింజను తూర్పారబట్టాలి గానీ మనిషిని కాదు.

ఒక జట్టుకు మొదటిసారి ఐదారు గంటలు పెట్టుకోండి. రెండోసారికి సగం సమయం చాలు.

## 1. ముందు ఏది ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి

దీన్ని వదిలేస్తే తర్వాత చేసే లెక్కలన్నీ తప్పు మనిషి మీద పడతాయి.

అవుట్ ఆఫ్ ది పార్క్ లాంటి కంప్యూటర్ ఆటతో నడిచే ఆన్‌లైన్ లీగుల్లో మామూలు పద్ధతి ఇది: మేనేజర్ లైనప్ (ఎవరు ఏ వరుసలో బ్యాట్ పట్టాలో), పిచర్ల (బంతి వేసేవాళ్ల) పాత్రలు, వ్యూహం సెట్టింగులు నింపి ఫైలు పంపిస్తాడు, కమిషనర్ (లీగు నిర్వాహకుడు) మ్యాచ్‌లను నడిపిస్తాడు. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్ ఉండే మ్యాచ్‌లో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఏ పిచర్‌ను దించాలన్నది ఆ క్షణంలో కంప్యూటరే తేలుస్తుంది. అక్కడ మేనేజర్ పని ఎవరికి ఏ పాత్ర ఇచ్చాడు, మీటలను ఎంతవరకు జరిపాడు అన్నదే. "ఆ మ్యాచ్‌లో అతన్ని ఎందుకు దించావు?" అని నిలదీయడంలో న్యాయం లేదు.

1961లో వచ్చిన స్ట్రాట్-ఓ-మ్యాటిక్ లాంటి కార్డుల ఆటలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆడితే ప్రతి నిర్ణయమూ మనిషిదే. అక్కడ మొదటి పాచిక 1 నుంచి 3 లోపు పడితే బ్యాటర్ కార్డు, 4 నుంచి 6 లోపు పడితే పిచర్ కార్డు చూస్తారు. అంటే ఎంత మంచి పిచర్‌ను దించినా, సగం సార్లు ఫలితం అవతలి బ్యాటర్ కార్డు మీదే ఉంటుంది. ఒక్క మ్యాచ్ ఫలితంతో నిర్ణయాన్ని తూచకూడదన్నది ఇందుకే.

కాగితం మీద ఈ ఐదు గడులు గీసి రాసుకోండి:

☐ మేనేజర్ స్వయంగా చేసినవి: లైనప్, రొటేషన్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లైన స్టార్టర్ల వంతులు), రిలీవర్ల (మధ్యలో దిగే పిచర్ల) పాత్రలు, బంట్ (రన్నర్‌ను ముందుకు పంపేలా బంతిని మెల్లగా తాకించడం), స్టీల్ (రన్నర్ తర్వాతి బేస్‌కు, అంటే తర్వాతి మజిలీకి, దొంగచాటుగా చేరడం) సెట్టింగులు, బెంచి ఎంపిక
☐ అతని చేతిలో లేనివి: గాయాలు, కంప్యూటర్ మార్పిళ్లు, యజమాని బడ్జెట్
☐ ట్రేడ్లు (ఆటగాళ్ల మార్పిడి), కొనుగోళ్లు ఎవరివి? జనరల్ మేనేజర్ వేరే మనిషైతే వాటిని ఈ సమీక్షలోకి తేవద్దు
☐ సీజన్ మధ్యలో మేనేజర్ మారాడా? మారితే మ్యాచ్ సంఖ్య దగ్గర గీత గీసి రెండు సమీక్షలు రాయండి
☐ ఫైలు పంపని వారాలు ఎన్ని? ఆ వారాల్లో పాత సెట్టింగులే నడిచి ఉంటాయి

చివరి గడిని చాలామంది మరిచిపోతారు. ఫైలు పంపకపోవడం కూడా నిర్ణయమే, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పరీక్షల వల్లో, ఊళ్లో పెళ్లి వల్లో పంపలేదంటే అది కారణంగా రాయొచ్చు. లెక్కలోంచి తీసేయడం మాత్రం కుదరదు.

## 2. ఫైళ్లు సిద్ధం చేసుకోవడం

కొత్త సీజన్‌కు ఆటను ముందుకు జరిపే లోపే అన్నీ బయటికి తీయండి. జరిపాక ఆటగాళ్ల రేటింగులు, వయసులు మారిపోతాయి. పాత స్థితిని తిరిగి తేవాలంటే సేవ్ చేసిన నకలు ఒక్కటే దారి.

☐ సీజన్ మొదటి రోజు సేవ్, చివరి రోజు సేవ్, రెండిటి నకళ్లు. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో
☐ జట్టు బ్యాటింగ్, పిచింగ్, ఫీల్డింగ్ పట్టికలు
☐ మ్యాచ్‌వారీ స్కోర్లు: తేదీ, సొంత మైదానమా కాదా, రన్లు, ఇన్నింగ్స్ సంఖ్య
☐ గాయాల జాబితా, ఎవరు ఎన్ని రోజులు బయటున్నారు
☐ లావాదేవీల జాబితా తేదీలతో
☐ లీగు మొత్తం సగటులు. ఇవి లేకుండా ఏ అంకె ఎక్కువో ఏది తక్కువో చెప్పలేం
☐ ఆ సీజన్ నిబంధనలు

నిబంధనల గురించి రెండు ముక్కలు. అమెరికా మేజర్ లీగులో 2020 నుంచి ఒక పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకైనా వేయాలి, లేదా ఆ సగం ఇన్నింగ్స్ (ఒక జట్టు బ్యాటింగ్ వంతు) ముగించాలి. అదనపు ఇన్నింగ్స్‌ను రెండో బేస్ మీద రన్నర్‌తో మొదలుపెట్టడం కూడా 2020లోనే వచ్చింది. మీ లీగు పాత నిబంధనలతో ఆడుతోందా, కొత్తవాటితోనా అన్నదాన్ని బట్టి బుల్‌పెన్ (రిలీవర్ల బృందం) మీద మీ తీర్పు మారుతుంది.

స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించేటప్పుడు రెండు గుంతలుంటాయి. మొదటిది, 5-4 అనే స్కోరును అది తేదీగా మార్చేస్తుంది. అతికించే ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చండి. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే కంటికి కనబడదు. పిచర్ పట్టికలో 180.1 ఇన్నింగ్స్ అంటే 180, పైన మూడో వంతు. 180.2 అంటే మూడింట రెండు వంతులు. వాటిని దశాంశాలుగా కూడితే మొత్తాలు తప్పుతాయి. ఇన్నింగ్స్‌ను అవుట్లుగా మార్చుకోండి: ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు కాబట్టి 180.1 అంటే 541 అవుట్లు. కూడికలన్నీ అవుట్లలో చేసి చివర 3తో భాగించండి.

## 3. సీజన్‌కు ముందటి అంచనాను స్థిరపరచండి

జట్టు ఎంత గెలవాల్సింది అన్నది ఫలితం తెలిశాక నిర్ణయిస్తే మన మనసు మనల్నే మోసం చేస్తుంది. అందుకే మొదటి రోజు సేవ్‌లోని రేటింగులే వాడండి. సీజన్ చివరి రేటింగులు వద్దు: సీజన్‌లో బాగా ఆడినవాడి రేటింగు పెరిగి ఉంటుంది, దాంతో "ఇంత మంచి జట్టు పెట్టుకుని కూడా" అనే అన్యాయపు మాట పుడుతుంది.

నమ్మదగిన పద్ధతి ఇది. మొదటి రోజు సేవ్‌ను నకలు చేసి, జట్లన్నిటినీ కంప్యూటర్‌కు అప్పగించి సీజన్ నడపండి. గెలుపులు రాసుకుని మళ్లీ మొదటి రోజుకు వెళ్లండి. కనీసం 30 సార్లు ఇలా చేయండి. సగటు, అతి తక్కువ, అతి ఎక్కువ మూడూ రాసుకోండి.

ఆ సగటుకు అర్థం ఒకటే: ఇదే జట్టును కంప్యూటర్ మేనేజర్ నడిపి ఉంటే మామూలుగా ఎంత గెలిచేదో అది. మేనేజర్‌ను పోల్చాల్సింది దానితోనే, కప్పు కొట్టిన జట్టుతో కాదు. కంప్యూటర్ నడిపిన సీజన్లలో ట్రేడ్లు కూడా జరిగిపోతుంటే వాటిని ఆపేసి నడపండి, లేకపోతే పోలిక చెడిపోతుంది.

రాత్రంతా నడపాలనుకుంటే కరెంటు పోవడాన్ని కూడా లెక్కలో పెట్టుకోండి. ఎండాకాలంలో మన వైపు ఇది మామూలే. ఒక్కో సీజన్ నడిచాక గెలుపుల సంఖ్యను వేరే ఫైల్లో దాచండి.

కార్డుల లీగైతే ఇదంతా కుదరదు. అక్కడ సీజన్ మొదలుకాక ముందే సభ్యులందరితో ప్రతి జట్టుకూ ఒక గెలుపుల అంచనా రాయించి, సగటు తీసి, కవరులో పెట్టి ఉంచండి.

## 4. రన్ల నుంచి గెలుపులు లెక్కగట్టడం

బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు బిల్ జేమ్స్ కనిపెట్టిన లెక్క ఇది. చేసిన రన్ల వర్గాన్ని, చేసిన రన్ల వర్గం, ఇచ్చిన రన్ల వర్గం రెండూ కలిపిన మొత్తంతో భాగిస్తే గెలవాల్సిన శాతం వస్తుంది. వర్గానికి బదులు 1.83 ఘాతం వాడితే ఇంకాస్త దగ్గరగా వస్తుంది.

ఊహించుకున్న ఒక జట్టుతో చూద్దాం, దాన్ని తుంగభద్ర జట్టు అందాం. 162 మ్యాచ్‌లు, చేసిన రన్లు 742, ఇచ్చినవి 701, అసలు గెలుపులు 79.

742 వర్గం 5,50,564. 701 వర్గం 4,91,401. రెండూ కలిపితే 10,41,965. భాగిస్తే 0.528. 162తో గుణిస్తే 85.6 గెలుపులు. 1.83 ఘాతంతో చేసినా 85.2 వస్తుంది. నోటితో చేసే సులువు లెక్క కూడా ఉంది: పది రన్ల తేడాకు ఒక గెలుపు. తేడా 41, అంటే 162లో సగమైన 81కి 4 కలిపితే 85.

కాబట్టి రన్లు చెబుతున్నదానికన్నా ఆరు గెలుపులు తక్కువ. ఇక్కడే చాలామంది "ఆరు మ్యాచ్‌లు మేనేజర్ పోగొట్టాడు" అని రాసేస్తారు. అలా రాయకండి. ఈ లెక్కకూ అసలు గెలుపులకూ మధ్య నాలుగు గెలుపుల దాకా తేడా రావడం మామూలే. ఆరు కొంచెం పెద్ద తేడా, దాని కారణం వెతకాలి. వెతికాకే తప్పు ఎవరిదో చెప్పాలి.

ఇంకో అంకె గోడ మీద రాసి పెట్టుకోదగ్గది. సరిగ్గా సగం మ్యాచ్‌లు గెలిచే బలమున్న జట్టు 162 మ్యాచ్‌లు ఆడితే ఒక్క అదృష్టం వల్లే గెలుపులు ఆరు దాకా అటూ ఇటూ ఊగుతాయి. 60 మ్యాచ్‌ల చిన్న సీజన్‌లో అది నాలుగు దగ్గర ఉంటుంది, కానీ ఆడిన మ్యాచ్‌లతో పోలిస్తే అది ఇంకా పెద్ద ఊపు. చిన్న లీగుల్లో తీర్పు ఇంకా నెమ్మదిగా చెప్పాలి.

## 5. మైదానం ప్రభావం తీసేయడం

సొంత ఊళ్ల పేర్లతో ఊహాజనిత లీగు పెట్టుకున్నవాళ్లు దీన్ని తప్పకుండా చూడాలి. కర్నూలులో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వేడిగాలి పలుచగా ఉంటుంది కాబట్టి కొట్టిన బంతి ఎక్కువ దూరం పోతుంది. వాతావరణాన్ని అసలుకు దగ్గరగా పెట్టుకుంటే ఆ మైదానంలో హోమ్ రన్లు (బంతి మైదానం దాటిపోయే దెబ్బలు) పెరుగుతాయి. ఎత్తు సంగతి వేరు. రన్ల మైదానంగా పేరుపడిన డెన్వర్ సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల పైన ఉంటే, అనంతపురం సుమారు 335 మీటర్లే. ఎత్తు పేరు చెప్పి రన్లు పెంచక్కర్లేదు.

మైదానం గుణకం 1.10 అయితే అక్కడ పది శాతం ఎక్కువ రన్లు వస్తాయని అర్థం. కానీ జట్టు సొంత మైదానంలో ఆడేది సగం మ్యాచ్‌లే. సీజన్ మొత్తం మీద చూస్తే 1.05 మాత్రమే. పిచర్ అంకెలను 1.10తో భాగించడం తరచూ జరిగే తప్పు.

## 6. ఒక్క రన్ తేడా మ్యాచ్‌లు, బుల్‌పెన్

తుంగభద్ర జట్టుకు పోయిన ఆరు గెలుపుల్ని వెతకాల్సిన మొదటి చోటు ఇదే. ఒక్క రన్ తేడాతో ముగిసిన మ్యాచ్‌లను వేరు చేయండి. ఆ జట్టు వాటిలో 17 గెలిచి 29 ఓడిందనుకుందాం. 46 మ్యాచ్‌ల్లో సగం అంటే 23. అదృష్టం వల్ల ఊగే ఊపు 3.4. ఆరు తక్కువంటే దాదాపు రెండు ఊపులు. అనుమానించడానికి సరిపోతుంది, శిక్ష వేయడానికి సరిపోదు.

ఇప్పుడు ఆ 29 ఓటముల్లో ఏడో ఇన్నింగ్స్ తర్వాత చేజారినవాటికి ఒక పట్టిక వేయండి. ఒక్కో మ్యాచ్‌కు ఒక్కో అడ్డు వరుస:

☐ తేదీ, ఇన్నింగ్స్, స్కోరు
☐ ఎంతమంది అవుట్, ఏయే బేస్‌ల మీద రన్నర్లు
☐ ఎదురుగా ఉన్న బ్యాటర్ కుడిచేతివాడా, ఎడమచేతివాడా
☐ దించిన పిచర్, అంతకుముందు మూడు రోజుల్లో అతను వేసిన బంతులు
☐ ఆ రోజు ఖాళీగా కూర్చున్న అందరికన్నా మంచి రిలీవర్ ఎవరు
☐ అతన్ని ఎందుకు దించలేదు: అలసటా, గాయమా, "క్లోజర్ (చివర దిగే రిలీవర్) తొమ్మిదో ఇన్నింగ్స్‌కే" అన్న సెట్టింగా

చివరి గడిలో "సెట్టింగు" అన్న మాట ఎన్నిసార్లు వస్తే అన్ని మ్యాచ్‌లకు మేనేజర్ జవాబు చెప్పాలి. మంచి రిలీవర్‌ను మూడు రన్ల ఆధిక్యం కాపాడటానికి అట్టిపెట్టి, ఏడో ఇన్నింగ్స్‌లో సమానంగా ఉన్నప్పుడు రెండు బేస్‌లు నిండినా అందరికన్నా బలహీనుణ్ణి దించే పాత్రలు పెట్టి ఉంటే, అది ఆ ఒక్క రోజు పొరపాటు కాదు. సీజన్ పొడుగునా నష్టం చేసిన ఏర్పాటు.

అందరికన్నా మంచి రిలీవర్ దిగి, బాగా వేసి, సరిగా తగలని బంతి అదృష్టం కొద్దీ హిట్టై ఓడిన మ్యాచ్‌లకు "పాచిక" అని రాసి పక్కన పెట్టండి. చెడగొట్టిన సేవ్‌ల (రిలీవర్లు కాపాడలేకపోయిన ఆధిక్యాల) సంఖ్య చూసి మేనేజర్‌ను తిట్టడం, క్యాచ్ జారినందుకు కెప్టెన్‌ను తిట్టడం లాంటిది.

ఇలాంటి పట్టికే గెలిచిన 17 మ్యాచ్‌లకూ వేయండి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఇది చేయని సమీక్ష ఒంటికన్నుతో చూసినట్టే. అదే తప్పు ఏర్పాటు గెలిచిన మ్యాచ్‌ల్లోనూ ఉండి, అదృష్టం వల్ల దాటిపోయి ఉండొచ్చు. అది కూడా లెక్కకు రావాలి.

రెండో బేస్ మీద రన్నర్‌తో మొదలయ్యే అదనపు ఇన్నింగ్స్ మ్యాచ్‌లను ఈ పట్టికలో కలపకుండా వేరే ఉంచండి. అక్కడ పాచికల పాలు ఇంకా ఎక్కువ.

## 7. స్టార్టర్లను వాడిన తీరు

ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఖాతాలో పడే రన్ల సగటు) ఒక్కటే చూడకండి. అందులో ఫీల్డర్ల చేతులు, అదృష్టం రెండూ కలిసి ఉంటాయి. ఎఫ్‌ఐపీ (ఫీల్డర్ల పాలు లేకుండా పిచర్‌ను కొలిచే అంకె) లెక్కగట్టండి: హోమ్ రన్లు × 13; వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా దక్కిన బేస్‌లు), బ్యాటర్‌కు బంతి తగిలినవి కలిపి × 3. ఈ రెంటి మొత్తంలోంచి స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో అయిన అవుట్లు) × 2 తీసేయండి. మిగిలింది ఇన్నింగ్స్‌తో భాగించి లీగు స్థిరాంకం కలపండి. మేజర్ లీగులో ఆ స్థిరాంకం 3.1 దగ్గర ఉంటుంది. మీ లీగుకు మీరే కట్టుకోండి: లీగు ఈఆర్‌ఏలోంచి, లీగు మొత్తానికి ఇదే భాగాహారం చేస్తే వచ్చినదాన్ని తీసేస్తే సరి.

ఉదాహరణకు 180 ఇన్నింగ్స్, 20 హోమ్ రన్లు, 50 వాక్‌లు, 5 తగిలినవి, 170 స్ట్రైకౌట్లు. 260 + 165 − 340 = 85. 180తో భాగిస్తే 0.47. 3.10 కలిపితే 3.57. అదే పిచర్ ఈఆర్‌ఏ 4.60 ఉందనుకోండి. ఒక రన్ పైనే తేడా.

ఆ తేడాకు కారణం రెండు చోట్ల ఉండొచ్చు. ఆటలోకి వచ్చిన బంతుల్లో హిట్లైన శాతం చూడండి. అది సాధారణంగా 0.300 దగ్గర ఉంటుంది. ఈ పిచర్‌కు 0.345 ఉండి, జట్టులో మిగతావాళ్లకు 0.300 దగ్గరే ఉంటే పాచిక. జట్టు మొత్తానికీ ఎక్కువుంటే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య చోటు) దగ్గర, సెంటర్ ఫీల్డ్‌లో ఎవరు నిలబడ్డారో చూడండి. బ్యాటింగ్ కోసం చేయి తిరగనివాణ్ణి అక్కడ నిలబెట్టి ఉంటే ఆ రన్లు మేనేజర్ ఖాతాలోవే. పిచర్‌ను చెడ్డవాడనే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోవాలి.

తర్వాత లైనప్‌ను మూడోసారి ఎదుర్కొన్నప్పుడు స్టార్టర్లు ఇచ్చిన రన్లు చూడండి. ఒకే పిచర్‌ను మళ్లీమళ్లీ చూసినకొద్దీ బ్యాటర్లు మెరుగవుతారు. నాలుగో, ఐదో స్టార్టర్లను కూడా మొదటివాడితో సమానంగా ఏడో ఇన్నింగ్స్ దాకా లాగి ఉంటే రాసుకోండి.

## 8. లైనప్: గొడవ ఎక్కువ, తేడా తక్కువ

లీగులో అందరికన్నా ఎక్కువ వాదన జరిగేది బ్యాటింగ్ వరుస మీదే. నిజానికి దాని విలువ చిన్నది. ఒక స్థానం కిందికి దిగితే 162 మ్యాచ్‌ల సీజన్‌లో 18 బ్యాటింగ్ అవకాశాల దాకా తగ్గుతాయి, అంతే. మంచి వరుసకూ మామూలు వరుసకూ తేడా సీజన్ మొత్తానికి ఒక గెలుపు దగ్గర ఉంటుంది.

రెండే చూడండి. మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్లు బేస్ మీదికి చేరే శాతం లీగు సగటు కన్నా ఎక్కువగా ఉందా? కాళ్లు వేగంగా ఉన్నాయన్న ఒక్క కారణంతో బేస్ చేరే శాతం 0.300 ఉన్నవాణ్ణి మొదట పెట్టడం పాత అలవాటు, నష్టం తెచ్చే అలవాటు. రెండోది, ఎడమచేతి పిచర్లకు వేరే లైనప్ ఉందా, లేక కుడిచేతివాళ్ల లైనప్పే ఏడాదంతా నడిచిందా?

బెంచి మీద ఓ మాట. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి తీసిన ఆటగాడు ఆ మ్యాచ్‌లోకి తిరిగి రాడు. 26 మందిలో 13 మంది పిచర్లైతే బెంచి మీద మిగిలేది నలుగురే, అందులో ఒకడు రెండో క్యాచర్. ఆ నలుగురిలో ఇద్దరు ఒకే పని చేసేవాళ్లైతే ఒక చోటు వృథా అయినట్టే.

## 9. బంట్, స్టీల్

ఇక్కడ అంకెలు స్పష్టంగా మాట్లాడతాయి. 2010–2015 మధ్య మేజర్ లీగు సగటుల ప్రకారం, ఆ స్థితి నుంచి ఇన్నింగ్స్ చివరిదాకా రావాల్సిన రన్లు ఇవి:

• ఎవరూ అవుట్ కాలేదు, మొదటి బేస్ మీద రన్నర్: 0.86
• ఎవరూ అవుట్ కాలేదు, రెండో బేస్ మీద రన్నర్: 1.10
• ఒకరు అవుట్, రెండో బేస్ మీద రన్నర్: 0.66
• ఒకరు అవుట్, మూడో బేస్ మీద రన్నర్: 0.95
• ఒకరు అవుట్, బేస్‌లు ఖాళీ: 0.25

మొదటి బేస్ రన్నర్‌ను బంట్‌తో రెండోదానికి పంపితే 0.86 కాస్తా 0.66 అవుతుంది. బంట్ సరిగ్గా పడినా 0.20 రన్ పోతుంది. కనీసం ఒక్క రన్ వచ్చే అవకాశం కూడా పెరగదు, పైగా కొంచెం తగ్గుతుంది. అందువల్ల మంచి బ్యాటర్లతో బంట్ చేయించిన సంఖ్యను వేరుగా లెక్కపెట్టండి.

ఒక మినహాయింపుంది. చివరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమానంగా ఉండి, రెండో బేస్ మీద రన్నర్, ఎవరూ అవుట్ కాకపోతే బంట్ పనికొస్తుంది. మొత్తం రన్లు 1.10 నుంచి 0.95కి తగ్గినా, కనీసం ఒక్క రన్ వచ్చే అవకాశం సుమారు 61 శాతం నుంచి 66కి పెరుగుతుంది. అప్పుడు కావాల్సింది ఆ ఒక్క రన్నే. ఈ బంట్లను తప్పుల లెక్కలో వేయకండి.

స్టీల్‌కు గీటు: ఎవరూ అవుట్ కానప్పుడు దొరికిపోతే 0.86 నుంచి 0.25కి పడిపోతుంది, సాధిస్తే 1.10కి చేరుతుంది. లెక్క కడితే 72 శాతం సార్లు సాధిస్తేనే నష్టం లేనట్టు. మిగతా అవుట్ల స్థితుల్లోనూ ఆ గీటు 70 నుంచి 73 మధ్యే ఉంటుంది.

తుంగభద్ర జట్టు 96 ప్రయత్నాల్లో 58 సాధించిందనుకుందాం, అంటే 60 శాతం. సాధించిన ఒక్కోదానికి సగటున 0.17 లాభం, దొరికిన ఒక్కోదానికి 0.42 నష్టం వేసుకుంటే లాభం 9.9, నష్టం 16.0. మొత్తం మీద ఆరు రన్ల నష్టం, గెలుపుల్లో 0.6. తప్పు తప్పే, కానీ 79 గెలుపులకు ఇది కారణమని రాస్తే అబద్ధం. కళ్లకు బాగా కనబడే తప్పు కాబట్టి దీన్ని పెద్దగా చూపించాలనిపిస్తుంది. ఆ చేతిని ఆపుకోండి.

మీ లీగులో రన్లు ఎక్కువ వస్తే ఈ అంకెలన్నీ పెరుగుతాయి. బంతిబంతి వివరాలు దొరికితే మీ లీగుకు సొంత పట్టిక కట్టుకోవడం ఉత్తమం.

## 10. గాయాలు, లావాదేవీలు

గాయపడిన రోజుల సంఖ్యను మిగతా జట్లతో పోల్చండి. ముఖ్యమైన ఆటగాడు పడిపోయిన రోజుకూ మేనేజర్ లైనప్ మార్చిన రోజుకూ మధ్య ఎన్ని మ్యాచ్‌లు గడిచాయో రాసుకోండి. గాయం అతని తప్పు కాదు, ఆలస్యం అతనిదే.

ట్రేడ్ కూడా అతనిదైతే, ఆ తేదీన కనబడిన రేటింగులతోనే తూచండి. ఇచ్చిన కుర్రాడు తర్వాత నెలలో మెరిస్తే అది ట్రేడ్ రోజున తెలిసిన సంగతి కాదు.

## 11. తీర్పుకు ముందు మేనేజర్‌ను అడగండి

సమీక్ష రాసి పంపాక వివరణ అడగడం తిరకాసు పని. ముందే అడగండి. నిలదీసినట్టు కాకుండా, తెలుసుకోవడానికి.

"అన్నా, జూన్‌లో ఎడమచేతి పిచర్ల మీద కూడా పాత లైనప్పే ఉంది కదా, మార్చకపోవడానికి ఏమన్నా కారణముందా?" అని అడిగితే జవాబొస్తుంది. "ఎందుకు మార్చలేదు?" అంటే గొడవొస్తుంది. వయసులో చిన్నవాడైతే "అబ్బీ, ఆ క్లోజర్ సెట్టింగు నువ్వే పెట్టినావా, ముందు నుంచే ఉన్నదా?" అన్నా చాలు. పాత మేనేజర్ వదిలేసిన సెట్టింగు ఏడాదంతా అలాగే నడవడం లీగుల్లో మామూలే. ఆ సంగతి తెలిస్తే మీ పట్టికలో సగం గడుల అర్థం మారుతుంది.

మూడు ప్రశ్నలు చాలు: సీజన్ మొదట్లో మీ లక్ష్యం ఏమిటి? ఏ నిర్ణయం మళ్లీ తీసుకోరు? ఏ నిర్ణయం ఓడినా మళ్లీ తీసుకుంటారు? మొదటిది ముఖ్యం. కుర్రాళ్లను తయారుచేయడానికి సీజన్ వదులుకున్న మేనేజర్‌ను గెలుపులతో కొలవకూడదు.

## 12. మార్కులు వేయడం, రాయడం

నూటికి వేయాలంటే ఈ పంపకం బాగా పనిచేస్తుంది: బుల్‌పెన్ 30, స్టార్టర్లు 20, లైనప్ 10, ఎడమ-కుడి మార్పులు, బెంచి రెండూ కలిపి 15, ఫీల్డర్ల ఎంపిక 10, బంట్-స్టీల్ 5, గాయాలకు స్పందన 10. బంట్-స్టీల్‌కు ఐదే ఎందుకన్నవాళ్లకు తొమ్మిదో భాగంలోని ఆరు రన్ల లెక్క చూపించండి. కార్డుల లీగులో ప్రతి స్టీల్ మనిషి నిర్ణయమే కాబట్టి అక్కడ దాన్ని పదికి పెంచి బెంచి నుంచి ఐదు తీసేయొచ్చు.

గెలుపులకు మార్కులు వద్దు. అవి పైభాగంలో సమాచారంగా ఉంటే చాలు.

రాత ఒక పేజీ దాటకూడదు. మొదటి పేరాలో అంచనా, రన్ల లెక్క, అసలు గెలుపులు. రెండో పేరాలో పాచికల పాలు ఎంత. ఆ తర్వాతే నిర్ణయాలు, ఒక్కోదానికి ఆధారంతో. తుంగభద్ర జట్టుకు రెండో పేరా ఇలా ఉండొచ్చు:

"రన్లను బట్టి 85 గెలవాల్సిన జట్టు 79 గెలిచింది. ఒక్క రన్ మ్యాచ్‌ల్లో 17–29. చేజారిన మ్యాచ్‌ల్లో ఎక్కువ భాగం మంచి రిలీవర్ దిగాక పోయినవే, వాటిని మేనేజర్ మీద వేయలేం. మిగిలినవి క్లోజర్‌ను తొమ్మిదో ఇన్నింగ్స్‌కే పరిమితం చేసిన సెట్టింగు వల్ల పోయాయి."

పంపే ముందు చూసుకోవాల్సినవి:

☐ ప్రతి తప్పుకూ రన్లలో విలువ రాశానా?
☐ అదే తప్పు గెలిచిన మ్యాచ్‌ల్లోనూ వెతికానా?
☐ మిగతా మేనేజర్లకూ ఇదే కొలత వాడానా?
☐ మైదానం ప్రభావాన్ని సగమే తీశానా?
☐ నా సొంత జట్టు మీద వీళ్లు గెలిచిన మ్యాచ్‌ల కోపం ఇందులో ఉందా? ఉంటే ఆ జట్టు సమీక్షను ఇంకొకరికి ఇవ్వండి

## 13. తరచూ వచ్చే చిక్కులు

అంచనా, రన్ల లెక్క ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. 30 సార్లు నడిపిన సీజన్ల సగటు 92, రన్ల లెక్క 85 అనుకోండి. అంటే రన్లు చేయడంలోనో ఆపడంలోనో లోటుంది, దగ్గరి మ్యాచ్‌ల్లో కాదు. ఆరో భాగం కన్నా ఏడు, ఎనిమిది, పదో భాగాలకు ఎక్కువ సమయం పెట్టండి.

రన్ల లెక్క కన్నా గెలుపులు బాగా ఎక్కువ. అందరూ మేనేజర్‌ను పొగుడుతుంటారు. అదే పట్టిక, అదే కొలత. ఒక్క రన్ మ్యాచ్‌ల్లో 30–15 వచ్చిన మేనేజర్ బుల్‌పెన్ ఏర్పాటు మామూలుగానే ఉంటే, ఆ గెలుపులు వచ్చే ఏడాది వస్తాయని ఆశ పెట్టొద్దు. సమీక్షలో ఆ మాట గట్టిగానే రాయండి.

బాక్స్ స్కోర్లు (మ్యాచ్‌వారీ వివరాల పట్టికలు) దొరకలేదు. చివరి 40 మ్యాచ్‌లవే దొరికితే వాటితోనే చేయండి, కానీ పైన ఆ సంఖ్య రాయండి. మిగతా నెలల మీద తీర్పు చెప్పకండి.

మేనేజర్ సమీక్షతో ఒప్పుకోవడం లేదు. పట్టిక మొత్తం ఇచ్చేయండి. ఏ వరుస తప్పో అతన్నే చూపించమనండి. తప్పుంటే దిద్ది, దిద్దిన తేదీ కింద రాయండి.

అన్నీ అయ్యాక మొదటి రోజు సేవ్, పట్టికలు, మార్కుల కాగితం మూడూ ఒకే ఫోల్డర్‌లో సీజన్ పేరుతో దాచండి. ఒకే మేనేజర్‌వి మూడు సీజన్లు అందులో చేరాక, బుల్‌పెన్ గడిలో "సెట్టింగు" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో మొదటి ఏడాదితో పోల్చి చూడండి.